కాంప్లెక్స్ సమావేశానికి రెండు నోటుపుస్తకాలు తెచ్చుకోనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) తీర్పు ఇచ్చినప్పటి నుంచి మా టీచర్ల మాటలన్నీ పరీక్ష చుట్టూనే తిరుగుతున్నాయి. రిటైర్మెంటుకు ఇంకా ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలి ఉన్నవాళ్లు రెండేళ్లలోగా టెట్ పాసవ్వాలి. అంతకన్నా తక్కువ ఉన్నవాళ్లకు ప్రమోషన్ కావాలంటే తప్ప అక్కర్లేదు. నాకు రిటైర్మెంటు దగ్గరపడింది కాబట్టి ఆ పరీక్ష నా దాకా రాలేదు. కానీ ఇరవయ్యేళ్లుగా పాఠాలు చెబుతున్న తోటి టీచర్లు ఇంటర్వెల్లో బిట్ల పుస్తకం తెరుచుకుని పిల్లల మనస్తత్వ శాస్త్రంలోని పియాజే దశలు, కోల్‌బర్గ్ స్థాయిలు వల్లె వేసుకోవడం చూస్తున్నాను. తీర్పులోని న్యాయాన్యాయాలు సంఘాలూ కోర్టులూ తేల్చుకుంటాయి, దాని జోలికి నేను పోను. నా బాధ వేరు. టీచరు చదువుకోవడం అనగానే పరీక్ష రాయడమో, ఫోన్లో కోర్సు చేసి సర్టిఫికెట్ దించుకోవడమో అనే అందరికీ గుర్తొస్తోంది. రేపు తరగతిలో పాఠం ఇవాళ్టికంటే బాగా చెప్పడానికి పనికొచ్చే చదువు గురించి ఎవరూ మాట్లాడటం లేదు. అందుకే ఈ ఉత్తరం: దగ్గరి బడుల టీచర్లం నెలకోసారి కలిసే కాంప్లెక్స్ సమావేశాన్ని అట్లాంటి చదువుకు వాడుకోనివ్వమని అడగడానికి.

నేను ప్రకాశం ప్రాంతంలో, మార్కాపురం వైపు ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఎల్‌ఎఫ్‌ఎల్ ప్రధానోపాధ్యాయురాలిని (మహిళా అక్షరాస్యత తక్కువగా ఉన్న ప్రాంతాల కోసం పెట్టిన పోస్టు ఇది). ఐదు తరగతులకు ఇద్దరం టీచర్లం. ఎనభైల చివర ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఒకటో తరగతి అక్షరాలూ ఐదో తరగతి భిన్నాలూ చెబుతూనే ఉన్నాను. నేను రాసేదంతా ఆ గదిలో కళ్లతో చూసిందే.

ముందు ఒక లెక్క చెబుతాను. నాలుగో తరగతికి 503లోంచి 178 తీసెయ్యమని ఇచ్చాం. జవాబు 325 రావాలి. ఒక పిల్లవాడు 475 వేశాడు. ఒక అమ్మాయి 235 వేసింది. దిద్దేటప్పుడు ఇద్దరికీ ఒకే ఎర్రగీత, మార్కుల రిజిస్టరులో ఇద్దరికీ ఒకే సున్నా. కానీ ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని "ఇది ఎట్టా చేశావో నాకు చెప్పు నాన్నా" అని అడిగితే సంగతి మారిపోతుంది.

పిల్లవాడు ఇట్లా చెప్పాడు: "మూడులో ఎనిమిది పోదు టీచర్, అందుకని ఎనిమిదిలో మూడు తీసేశా, ఐదు. సున్నాలో ఏడు పోదు, ఏడులో సున్నా తీసేశా, ఏడు. ఐదులో ఒకటి పోతే నాలుగు." వాడి దృష్టిలో తీసివేత అంటే ప్రతి వరసలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తియ్యడం. పైదేదో కిందదేదో వాడికి లెక్కలో లేదు. అమ్మాయి సంగతి అట్లా కాదు. ఆమెకు అప్పు తెచ్చుకోవడం వచ్చు. "మూడులో ఎనిమిది పోదు, పక్కన సున్నా దగ్గర ఏమీ లేదు కదా టీచర్, అందుకని ఐదు దగ్గర తెచ్చుకున్నా. పదమూడులో ఎనిమిది పోతే ఐదు. మళ్లీ సున్నాలో ఏడు పోదు, ఇంకో అప్పు తెచ్చా. పదిలో ఏడు పోతే మూడు. ఐదు కాస్తా మూడయింది, అందులో ఒకటి పోతే రెండు." వింటే ఎంత చక్కగా ఆలోచించిందో తెలుస్తుంది. వందను తెచ్చి ఒకట్ల దగ్గర పదిగా వాడేసింది. మిగిలిన తొంభై ఎక్కడికి పోయిందన్నది ఒక్కటే ఆమెకు అందలేదు. 325కీ 235కీ మధ్య తేడా సరిగ్గా ఆ తొంభయ్యే.

ఈ ఇద్దరికీ కలిపి బోర్డు మీద అదే లెక్క ఇంకోసారి చేసి చూపిస్తే ఇద్దరికీ ఉపయోగం లేదు. పిల్లవాణ్ని నిలువు తీసివేతలోంచే బయటికి తీసుకురావాలి. అయిదు చింతగింజలు ముందు పెట్టి ఎనిమిది ఇమ్మని అడగాలి. "లేవు టీచర్" అని వాడి నోటితో అనిపించాలి. అమ్మాయికి మేం కాగితపు నోట్లు ఇచ్చాం. అట్టముక్కల మీద 100, 10, 1 అని రాసుకున్నవి. చేతిలో ఐదు వందలు, మూడు ఒకట్లు. కొట్టతను 178 అడుగుతున్నాడు. ఎనిమిది ఒకట్లు ఇవ్వాలంటే వందనోటు మార్చాలి. కొట్లో వందకు చిల్లర అడిగితే పది పదులిస్తారు, పది ఒకట్లు ఇవ్వరు. ఆ పది పదుల్లో ఒకటి మళ్లీ మార్చింది. ఇప్పుడు నాలుగు వందలు, తొమ్మిది పదులు, పదమూడు ఒకట్లు. తొమ్మిది పదులను చేత్తో పట్టుకుని లెక్కపెట్టుకున్నాక ఆ పిల్ల మళ్లీ ఆ తప్పు చెయ్యలేదు. ఊళ్లో కొట్టుకు వెళ్లి ఉప్పూ పప్పూ తెచ్చే పిల్లకు ఇది కొత్త విద్య కాదు. నోటుపుస్తకంలో చేసేదీ కొట్లో చేసేదీ ఒకటేనని చూపించాల్సి వచ్చింది, అంతే.

1978లో అమెరికాలో బ్రౌన్, బర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లల తీసివేత తప్పులను వరసపెట్టి పరిశీలించారు. అందులో చాలావాటి వెనక పిల్లలు నమ్మి, పట్టుదలగా పాటించే ఒక పద్ధతి ఉంటుందని చూపించారు. వాళ్ల పట్టికలో పైన చెప్పిన రెండు తప్పులూ ఉన్నాయి. ఇది చదివినప్పుడు నాకు ఎంతో ధైర్యం వచ్చింది. పిల్లవాడు అజాగ్రత్తగా ఉన్నాడని, బుర్ర లేదని అనడానికి ముందు వాడి పద్ధతేమిటో వెతకాలన్నమాట. టెట్ పుస్తకంలోని పియాజే కూడా పిల్లల తప్పు జవాబుల్ని పట్టుకునే పిల్లల ఆలోచనల్లోకి వెళ్లాడు. బిట్‌లో దశ పేరు, వయసు మాత్రం మిగిలాయి.

అందుకని నేను ఒక లాంగ్ నోటుబుక్ పెట్టుకున్నాను. తప్పుల పుస్తకం అంటాం. ఎడమవైపు పేజీలో పిల్లలు వేసిన జవాబు వేసినట్టే ఎత్తి రాస్తాను. కుడివైపు వాళ్లు నోటితో చెప్పింది, వాళ్ల మాటల్లోనే. కింద నేనేం చేశానో ఒక వాక్యం, వారం తర్వాత ఏమైందో ఇంకో వాక్యం. పేర్లు రాయను, తరగతి చాలు. రోజుకు ఒకటి కూడా అవసరం లేదు, ఆశ్చర్యం కలిగించింది రాస్తే సరిపోతుంది. కొన్నేళ్లు రాస్తే ఒక విషయం బయటపడుతుంది: పిల్లలు మారినా తప్పులు అవే వస్తాయి. జూన్లో కొత్త బ్యాచ్ వచ్చినా స్థానవిలువ దగ్గర ఏయే గుంటలున్నాయో ముందే తెలిసిపోతుంది. పాఠం మొదలుపెట్టే ముందు రాత్రి పాత పుస్తకం తిరగేస్తే, ఏ ప్రశ్న ముందు అడగాలో, ఏ సామాను సిద్ధం చేసుకోవాలో అక్కడే దొరుకుతుంది. సర్వీసు పెరిగినంత మాత్రాన అనుభవం పెరగదు. రాసిపెట్టుకున్నదే మిగులుతుంది.

ఆ పుస్తకంలో అన్నిటికంటే ఎక్కువసార్లు కనిపించేది 3005. "మూడు వందల ఐదు రాయండి" అంటే రెండు, మూడు తరగతుల్లో సగం మంది అట్లానే రాస్తారు. వాళ్లు విన్నది విన్నట్టే రాశారు: మూడు వందలకు 300, ఐదుకు 5. దీనికి కార్డులకంటే మంచి మందు నేను చూడలేదు. 300 అని ఒక పొడుగు కార్డు, 5 అని ఒక చిన్న కార్డు. చిన్నదాన్ని తీసుకెళ్లి పెద్దదాని చివరి సున్నా మీద పెట్టాలి. 305 అవుతుంది. చిన్న కార్డు ఎత్తి చూస్తే కింద సున్నా అట్లాగే ఉంటుంది. పిల్లలు ఆ కార్డు ఎత్తడం, పెట్టడం, మళ్లీ ఎత్తడం మానరు. పెళ్లిపత్రికల అట్టలు కత్తిరించి ఒక మధ్యాహ్నంలో తరగతికి సరిపడా చేసుకోవచ్చు.

ఇక పలకలు. మార్కాపురం చుట్టుపక్కల పలకరాయి గనులున్నాయి, ఇక్కడి పలకలు దేశంలో ఎన్నో బళ్లకు వెళ్లాయి. నోటుపుస్తకాలు, వర్క్‌బుక్కులు వచ్చాక మూడో తరగతి దాటితే పలక ముట్టుకోనివ్వడం లేదు. నా మాట వింటే ఐదో తరగతి దాకా ఉంచండి. ప్రశ్న అడిగి "చెప్పండి" అంటే ముందు వరస నుంచి ఇద్దరు ముగ్గురు అరుస్తారు, సరైన జవాబు వచ్చింది కదా అని మనం ముందుకెళ్లిపోతాం. అదే ప్రశ్నకు అందరినీ పలక మీద రాయమని, "పలకలెత్తండి" అంటే ఒక్క చూపులో తరగతి మొత్తం కనిపిస్తుంది. ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు, ఎవరు పక్కవాళ్ల పలక చూసి చెరిపి రాశారు. ఒక నిమిషం పని. చెరిపేస్తే పోతుంది కాబట్టి తప్పు రాయడానికి పిల్లలు భయపడరు కూడా. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు పిల్లల చదువు స్థాయి తెలుసుకునే అసర్ సర్వేకు వాడే చదువు పరీక్ష కూడా ఇట్లాంటి తేలికపాటి సాధనమే. అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ: ఒక్కొక్క పిల్లవాడితో కూర్చుంటే ఎక్కడ ఆగిపోతున్నాడో అప్పుడే తెలుస్తుంది. టీచరుకు ఉపయోగపడేది ఆ వెంటనే తెలిసిన సంగతి. ఎఫ్‌ఏ పరీక్షల మార్కులు ఎక్కించి, విశ్లేషణ తిరిగి వచ్చేసరికి పాఠం మారిపోయి ఉంటుంది.

ఫోన్ గురించి కూడా చెప్పాలి. హాజరుకని, భోజనానికని, ఇంకా ఏవేవో వివరాలకని యాప్ నింపుతూనే ఉంటాం. ఫోన్ అంటేనే విసుగు పుట్టేలా చేశారు. కానీ అందులో రికార్డర్ ఉంది, దాన్ని మించిన శిక్షకుడు లేడు. మా మండలంలో కొద్దిమందిమి ఒక్కో పాఠం రికార్డు చేసుకుని బస్సులో వస్తూ వింటుంటాం. అందరికీ మొదట వినిపించేది ఒకటే: ప్రశ్నకూ, జవాబు కోసం మనం తొందరపెట్టే మాటకూ మధ్య అసలు ఖాళీ ఉండదు. 1970ల్లో మేరీ బడ్ రో అనే అమెరికా విద్యావేత్త ఎన్నో తరగతుల రికార్డింగులు విని చెప్పింది కూడా ఇదే. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను ఆగుతారట. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడుగవుతాయి, నోరు విప్పనివాళ్లు విప్పుతారు, పిల్లలే తిరిగి ప్రశ్నలు అడుగుతారు. మనసులో ఒకటి, రెండు, మూడు అనుకోవడం తప్ప దీనికి ఏ సామానూ అక్కర్లేదు. మొదటి వారం ఆ నిశ్శబ్దం భరించడం కష్టంగా ఉంటుంది. తర్వాత వెనక మూల నుంచి ఒక చెయ్యి లేస్తుంది.

పిల్లల చదువు కూడా రికార్డు చేస్తాం. "పుస్తకం" అన్న మాటను జులైలో "పుసకం" అని చదివిన పిల్ల గొంతు, నవంబరులో అదే పేరా చదివిన గొంతు పక్కపక్కన పెట్టి తల్లిదండ్రుల సమావేశంలో వినిపిస్తే, ప్రోగ్రెస్ కార్డు చూసి తల ఊపే తల్లి ఆ రోజు రెండు ప్రశ్నలు అడుగుతుంది. ఏ ఒత్తు దగ్గర ఆగుతోందో టీచరుకూ తెలుస్తుంది.

ఈ మధ్య కుర్ర టీచర్లు ఏఐ చేత పాఠ్యపథకాలు రాయిస్తున్నారు. నేనూ వాడి చూశాను. అభ్యాసానికి లెక్కలు కావాలంటే నిమిషంలో ఇస్తుంది, ఆ మేరకు మంచి సాయం. ఒకటో తరగతికి ఒత్తులు లేని కథ అడిగితే మాత్రం ఒత్తులతోనే ఇచ్చింది, కూర్చుని ఒక్కో మాటా మార్చుకోవాల్సి వచ్చింది. అడిగినది ఇచ్చేదాన్ని అడగడానికైనా మన తరగతిలో ఎవరు ఎక్కడ ఆగారో మనకు తెలిసి ఉండాలి. ఆ పని దానికి అప్పజెప్పలేం.

పాఠ్యపథకం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. వార్షిక ప్రణాళిక, యూనిట్ ప్లాన్, పీరియడ్ ప్లాన్ అని రాస్తాం కదా, దాని చివర "ఉపాధ్యాయుని ప్రతిస్పందన" అని ఒక గడి ఉంటుంది. ఆ నమూనా తయారుచేసినవాళ్లకు నేను చేతులెత్తి మొక్కుతాను. మొత్తం కాగితంలో విలువైన గడి అదే. కానీ రాష్ట్రంలో ఏ బడికైనా వెళ్లి తెరిచి చూడండి, "విద్యార్థులు చురుకుగా పాల్గొన్నారు" అని ఉంటుంది. పీడీఎఫ్‌లో తయారుగా అట్లాగే వచ్చింది, అట్లాగే ఎక్కించాం. తనిఖీకి వచ్చినవాళ్లు గడి నిండిందా లేదా చూస్తారు, నిండింది. అక్కడ "సున్నా ఉన్న తీసివేత సగం మందికి రాలేదు, రేపు నోట్లతో చెప్పాలి" అని ఎవరైనా రాస్తే, ఎందుకు రాలేదని సంజాయిషీ అడుగుతారేమోనన్న భయం. నిజం రాసినవాళ్లను మెచ్చుకునే అధికారి ఒక్కరుంటే మండలం మొత్తం మారుతుంది. నేను అట్లాంటి మండల విద్యాధికారిని నా సర్వీసులో చూశాను. ఆయన రికార్డులు తనిఖీ చేసేవారు కాదు, ఆ గడి చదివి "అయితే మర్నాడు ఏమైంది మేడమ్?" అని అడిగేవారు. ఆ ఒక్క ప్రశ్న కోసం మేం మర్నాటి పాఠం సిద్ధం చేసుకునేవాళ్లం.

అసలు సంగతికి వస్తాను. ఈ అలవాట్లన్నీ ఒంటరిగా ఎక్కువ కాలం నిలవవు. టీచరుకు ఇంకో టీచరు కావాలి. మన రాష్ట్రానికి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. దగ్గరలోని బడులన్నీ కలిసి ఒక కాంప్లెక్స్‌గా పనిచెయ్యాలని 1964-66 నాటి కొఠారి కమిషనే చెప్పింది. ఆ తర్వాత ఎనభైల్లో బ్రిటన్ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం వచ్చింది. మేమంతా ఏపీపీఈపీ అనేవాళ్లం. ప్రయోగంగా మొదలై, తర్వాత అప్పటి అన్ని జిల్లాలకూ విస్తరించింది. అందులో ఆరు బోధనా సూత్రాలుండేవి. టీచరే కృత్యాలు తయారుచేసుకోవాలి, పిల్లలు చేసి నేర్చుకోవాలి, వ్యక్తిగతంగానూ గుంపుగానూ తరగతి అంతా కలిసీ పనిచెయ్యాలి, పిల్లల మధ్య తేడాలను పట్టించుకోవాలి, ఊరి పరిసరాలను వాడుకోవాలి, పిల్లలు చేసినవాటిని గదిలో ప్రదర్శించాలి. కొత్తగా చేరిన నాలాంటివాళ్లకు వీటికంటే ఎక్కువ ఉపయోగపడింది ఉపాధ్యాయ కేంద్రం. చుట్టుపక్కల బడుల టీచర్లం అక్కడ కలిసి, ఎవరు చేసిన సామాను వాళ్లు తెచ్చి చూపించుకునేవాళ్లం. గోడకు తాడు కట్టి పిల్లల బొమ్మలు, రాతలు వేలాడదీసేవాళ్లం. ఒక పెద్దాయన, లెక్కల్లో దిట్ట, కొత్తవాళ్ల సామాను చేతిలోకి తీసుకుని "దీంతో పిల్లలు ఏమన్నారమ్మా?" అని అడిగేవారు. సామాను ఎంత అందంగా ఉందో ఆయన ఎన్నడూ అనలేదు.

ఇప్పుడు నెలకోసారి కాంప్లెక్స్ సమావేశం జరుగుతుంది, కొన్నిచోట్ల క్లస్టర్ సమావేశం అంటున్నారు. సంతకాలు, తర్వాత సర్క్యులర్లు చదవడం, తర్వాత ఏ యాప్‌లో ఏది పెండింగ్ ఉందో ప్రొజెక్టర్ మీద జాబితా. ఆ సర్క్యులర్లు అంతకుముందే మా వాట్సాప్‌లో ఉంటాయి. భోజనం తర్వాత మాదిరి పాఠం. మాదిరి పాఠం మంచి ఆలోచన. కానీ అక్కడ పిల్లలుండరు, టీచర్లే పిల్లల్లా కూర్చుంటారు. టీచర్లు ఎవరూ 475 అని జవాబు చెప్పరు. అన్నీ సరైన జవాబులే వచ్చే పాఠంలో చూసేవాళ్లు ఏం నేర్చుకుంటారు? జపాన్ బడుల్లో వందేళ్లకు పైగా నడుస్తున్న పద్ధతి ఒకటుంది. కొందరు టీచర్లు కలిసి ఒక పాఠం తయారుచేస్తారు. ఒకరు నిజమైన తరగతిలో, నిజమైన పిల్లలకు చెబుతారు. మిగిలినవాళ్లు గది చుట్టూ నిలబడి పిల్లల నోటుపుస్తకాల వంక, పిల్లల ముఖాల వంక చూస్తారు. తర్వాత కూర్చుని పిల్లలు ఎక్కడ ఆగారో మాట్లాడుకుంటారు, పాఠాన్ని మార్చుకుంటారు. కాంప్లెక్స్ సమావేశం జరిగేది హైస్కూల్లోనే, చాలాచోట్ల పక్కనే ప్రాథమిక పాఠశాల కూడా ఉంటుంది. ఒక తరగతి పిల్లలను ఒక గంట కూర్చోబెట్టుకోవడం పెద్ద పనా?

ఒకసారి అట్లాంటి అవకాశం దొరికింది. అప్పటి కాంప్లెక్స్ హెచ్‌ఎం గారు భోజనం తర్వాత సమయమంతా మాకు వదిలేసి, ఒక్కొక్కరూ రెండు నోటుపుస్తకాలు తెచ్చుకోమన్నారు. ఒకటి బాగా చేసే పిల్లలది కాకూడదని షరతు. ప్రాథమిక తరగతులకు ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచరు)గా కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఐదో తరగతి పుస్తకం తెరిచింది. 1/2కు 1/3 కలిపితే 2/5 అని ఉంది. పైవి కలిపారు, కిందవి కలిపారు. "క.సా.గు. మళ్లీ చెప్పండి మేడమ్" అని ఇద్దరు ముగ్గురన్నారు. ఆ అమ్మాయి క.సా.గు. మీద వారమంతా చెప్పి వచ్చింది. అప్పుడు ఒక సీనియర్ సార్ లేచి, "ముందు క.సా.గు. వద్దు, 2/5 పెద్దదా, 1/2 పెద్దదా అడగండి" అన్నారు. గదిలో అందరూ ఒక్క క్షణం ఆగిపోయారు. 2/5 సగం కంటే తక్కువ. సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తగ్గింది! అర దోసె తిన్నవాడికి ఇంకో మూడోవంతు పెడితే మొదటి అర కంటే తగ్గుతుందా అని అడిగితే ఐదో తరగతి పిల్లలు వాళ్లంతట వాళ్లే తమ జవాబు కొట్టేస్తారు. క.సా.గు. అవసరం వాళ్లకు అప్పుడు పుడుతుంది. ఆ అమ్మాయి ఇది తన బడిలో చేసి, పిల్లలు మడిచిన కాగితాల ఫొటో మాకు పంపింది. ఆ రోజు వచ్చిన కొద్దిమంది టీచర్లం కలిసి చిన్న వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. అందులో పిల్లల పని ఫొటో, దాని కింద ఒక ప్రశ్న తప్ప ఇంకేదీ పెట్టకూడదు. పిల్లల పేరు కప్పేసి తీయాలి. శుభోదయాలు, పుట్టినరోజులు, జీవోలు వేరే గ్రూపులో. అది ఇప్పటికీ నడుస్తోంది.

టీచర్ల కోసం కేంద్రం దీక్ష అనే ఆన్‌లైన్ పోర్టల్లో పెట్టిన నిష్ఠ శిక్షణ కోర్సుల గురించి ఎవరైనా అడుగుతారు. 2020 నుంచి అవి ఫోన్లోకి వచ్చాయి. అందులో పనికొచ్చే విషయం ఉంది, నేను కాదనను. పునాది అక్షరాస్యత మీద ఉన్న కోర్సులో పిల్లలకు బిగ్గరగా కథ చదివి వినిపించడం గురించి చెప్పింది నేను నేటికీ పాటిస్తున్నాను. కానీ గడువు దగ్గరపడి, రాత్రి పది దాటాక, వంటిల్లు సర్దుకుని, వీడియో ఒక పక్క నడుస్తుంటే క్విజ్ జవాబులు గ్రూపులో వెతుక్కునే పరిస్థితి టీచర్లకు ఎందుకొచ్చింది? ఆ కోర్సులో విన్నది మర్నాడు తరగతిలో చేసి చూసి, ఎట్లా జరిగిందో ఎవరికైనా చెప్పుకునే చోటు లేదు కాబట్టి. సర్టిఫికెట్ వచ్చాక ఆ సంగతి అక్కడితో ముగిసిపోతోంది. జాతీయ విద్యా విధానం 2020 ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ పొందాలంది. అందులో ఆన్‌లైన్ కోర్సులతో పాటు స్థానిక వర్క్‌షాపులు అన్న మాట కూడా ఉంది. అంటే మేం నోటుపుస్తకాలు ముందు పెట్టుకుని కూర్చున్న గంటలను ఆ 50లో లెక్కవెయ్యడానికి అడ్డేమీ లేదు.

అధికారులకు నా విన్నపాలు ఇవి. కాంప్లెక్స్ సమావేశంలో సర్క్యులర్లు చదవడం మానిపించండి. సగం పూట పిల్లల నోటుపుస్తకాలకు, మిగిలిన సగం నిజమైన పిల్లలతో మాదిరి పాఠానికి ఇవ్వండి. వచ్చే నెల అంశమేమిటో ఈ నెలలోనే చెప్పండి, అప్పుడే మా తరగతుల్లోంచి తప్పులు పోగుచేసుకుని రాగలం. "ఉపాధ్యాయుని ప్రతిస్పందన" గడిలో రాసినదాన్ని బట్టి ఎవరికీ సంజాయిషీ నోటీసు వెళ్లదని లిఖితంగా చెప్పండి. ఉపాధ్యాయ సంఘాల పెద్దలకు కూడా ఒక మాట: పీఆర్సీ, బదిలీల కోసం అడిగినంత గట్టిగా ఈ సగం పూట కోసం కూడా అడగండి. ఓటర్ల జాబితా పనులు, యాప్‌ల పనులు తగ్గించమని మనం అడిగేది పాఠం కోసమేనని ప్రజలకు కూడా అప్పుడు కనిపిస్తుంది.

ఏకోపాధ్యాయ పాఠశాలల సంగతి వేరుగా చెప్పాలి. వీటన్నిటి అవసరం అందరికంటే ఎక్కువ ఉన్నది అక్కడి టీచర్లకు, రాలేనిది కూడా వాళ్లే. నల్లమల అంచున ఉన్న గూడేల్లో ఒక్క టీచరు సమావేశానికి వస్తే ఆ పూట బడి మూతే. పక్క గదిలో "ఇది ఎట్టా చెప్పాలి సార్" అని అడగడానికి ఇంకో మనిషి లేని చోట ఏళ్లకు ఏళ్లు పనిచేస్తున్నారు. సమావేశం రోజున కాంప్లెక్స్‌లోని బడులకు సాయంగా తిరిగే రిసోర్స్ టీచరును ఆ బడికి పంపండి, లేదా డైట్ (జిల్లా టీచర్ల శిక్షణ సంస్థ) నుంచి బోధనాభ్యాసానికి వచ్చే ఛాత్రోపాధ్యాయులను ఇద్దరిని అక్కడ ఉంచండి. కొత్త పోస్టు మంజూరు చెయ్యక్కర్లేదు, ఒక రోజు డ్యూటీ వేస్తే చాలు. మొదటి నెల అంశంగా సున్నా ఉన్న తీసివేతలు పెట్టమని నా సూచన. ఆ తప్పులున్న నోటుపుస్తకాలు ఏ బడి నుంచైనా తేవచ్చు.

ఇట్లు,
ఒక ఎల్‌ఎఫ్‌ఎల్ ప్రధానోపాధ్యాయురాలు,
మార్కాపురం ప్రాంతం
(ఉద్యోగంలో ఉన్నందున పేరు ప్రచురించవద్దని మనవి)